అంతకుముందు సారు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై వాటాలో అద్దెకుండే సారు ఉద్యోగం చావుల గురించి అడగడం. ఎవరు ఏ జబ్బుతో పోయారో ఇంటింటికీ వెళ్లి ఆయన తెలుసుకుంటే, అది దేశదేశాల మరణాల లెక్కలో కలుస్తుందట. ఎవరేం చెప్పినా "అంతకు ముందు?" అంటాడు. ఓసారి నేను తుమ్మితే, అలా అడుగుతూ అడుగుతూ మా ముత్తాత ముక్కుదాకా వెళ్లాడు.

ఒకరోజు దారి చూపడానికి ఆయన వెంట ఎల్బీనగర్ వెళ్లాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంటి పెద్దాయన ఈమధ్యే పోయాడు. గుమ్మంలో నిలబడ్డ కొత్త కోడలి మెళ్లో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది.

"గుండె ఆగింది సారూ," అంది పెద్దామె, కోడలిని ఉరిమి చూస్తూ. "గీమె ఇంట్ల కాలు పెట్టింది, గాయన పోయిండు. గదే రాస్కోండ్రి."

"అంతకు ముందండీ?"

"ఆయాసం."

"అంతకు ముందు?"

"దగ్గు. రాళ్ల మిషన్ల పనిజేసిండు గదా, అంతా దుమ్మే."

"ఎప్పట్నుంచమ్మా ఆ దగ్గు?"

"మా పిలగాడు లాగులేసుకునే నాటి సంది..."

అంటూనే ఆమె ఆగిపోయింది. ఏడు ఖండాల కోర్టులు కూడబలుక్కున్నా తేల్చలేని కేసు అంత నెమ్మదిగా తేలిపోతుంటే, నేను ఆమెనే చూస్తుండిపోయాను.

పెద్దామె మంచం మీద కాస్త జరిగి, కోడలి వైపు చూసింది.

"ఎంతసేపు నిలబడ్తవ్ బిడ్డా? ఒచ్చి కూసో."