కుంటాల సప్పుడుల బాపుతోని ముచ్చట

కుంటాలకు ఎందుకు పోయినవంటే, నా నోటిదూల వల్ల పోయిన్నని చెప్పాలె. నెల కింద కరీంనగర్ల ఒక బ్యాంకుల క్లర్కు ఆధార్ కార్డు అడిగితే మా బాపు పాస్‌బుక్ తీసి ఇచ్చిండు. వెనుక లైను పెరుగుతుంది. నేను పక్కనుంచి "ఎన్నిసార్లు చెప్పాలె బాపూ, చెవిటోనివా?" అని ఒర్రిన. లైనంత నవ్వింది, ఆ నవ్వుడు బాపు చూసిండు. ముప్పై ఐదేండ్లు సిరిసిల్లల సాంచాలు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు, నడిపిన మనిషి. ఆ సప్పుడుకే చెవులు పోయినయని నాకు తెల్వదా? తెలుసు. అయినా అన్న. ఆనాటి నుంచి నాతోని మాట బంద్. నేను కనవడితే మొఖం అటు తిప్పుకునుడే. "కోపం కాదు బిడ్డా, చిన్నబోయిండు," అన్నది అవ్వ, మా అమ్మ. కుంటాల జలపాతం చూడాలని బాపుకు ఎప్పటి నుంచో కోరిక. గట్లనన్న నాతోని మాట్లాడుతడేమోనని కారు మాట్లాడిన.

వానలు తగ్గినంక, సెప్టెంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాక పోతే మంచిది. మేము అక్టోబర్ల ఒక ఆదివారం పొద్దుగాల ఐదున్నరకు కరీంనగర్ల బయల్దేరినం. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగ నిర్మల్ చేరేసరికి తొమ్మిదైంది. కిరాయి డీజిల్‌తోని కలిపి ఐదు వేలు. నేను ముందట డ్రైవర్ పక్కన, అవ్వ, బాపు వెనుక. సోన్ కాడ గోదావరి నిండుగ పారుతుంటే "బాపూ, గోదారి చూడు!" అని ముందట నుంచే అన్న. జవాబు లేదు. కొంచెం దూరం పోయినంక "చాయ తాగుతవా బాపూ?" అన్న. ఉలుకు లేదు, పలుకు లేదు. డ్రైవర్ అన్న అద్దంల చూసి, "పెద్దాయన జర గరం మీదున్నట్టుంది మేడం," అన్నడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నిర్మల్ల ఇడ్లీ తిని, కొయ్యబొమ్మలు చేసే కాడికి పోయినం. పొనికి కర్ర ఎంత తేలికంటే, అరచేతిల పెట్టుకున్న మామిడిపండు బొమ్మ ఉన్నట్టే అనిపియ్యలే. బాపు దాన్ని తిప్పితిప్పి చూసి అవ్వకు చూపెట్టిండు. నాకు చూపెట్టలే.

నేరడిగొండ కాడ హైవే దిగితే జలపాతం పన్నెండు కిలోమీటర్లు. గేటు కాడ టికెట్లు చూసేటాయన, "నీళ్లల్ల దిగకుండ్రి అమ్మా, ఊకె చూసి రండ్రి. గుండం ఎంత లోతో ఎవ్వలకు తెల్వది," అని మరీమరీ చెప్పిండు. మెట్లు నాలుగు వందల దాక ఉంటయి. ఆగి ఆగి దిగినం.

కిందికి చేరినంక ఇంకేం వినవడది. ఆ సప్పుడు ఛాతిల దరువేసినట్టుంటది. తుంపర పడ్డ కండ్లద్దాలు తుడుచుకొని చూద్దును గదా, అవ్వ, బాపు ఒక బండ మీద ఎదురెదురుగ కూసోని ముచ్చట పెడుతున్నరు! అవ్వ మూతి కదిలిస్తుంది, బాపు పడిపడి నవ్వుతుండు. నేను పోయి అవ్వ చెవుల "నీకెట్ల వినవడుతుందే?" అని అరిచిన. అవ్వ నా చెవుల నోరు పెట్టి చెప్పింది: "ఇనుడేంది? నలభై సాంచాలు నడిచే కార్ఖానల ఎవ్వలకు ఇనవడతది? నేను గాడనే నూలు కండెలు చుట్టేదాన్ని. మూతి చూసే మాట్లాడుకునేటోళ్లం. నువ్వు వెనుక నుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి ఒర్రుతవు. ఆయనకెట్ల తెలుస్తది?"

అంటే పొద్దుగాల కారుల నేను మాట్లాడినట్టే బాపుకు తెల్వదు. నాకు సిగ్గనిపించింది. పోయి బాపు ముంగట, నీళ్లకు ఈపు పెట్టి నిలవడ్డ. "తప్పైంది బాపూ. నలుగుట్ల నిన్ను గట్ల అనద్దుండె," అన్న. నా మాట నాకే వినవళ్లే. బాపు ఈసారి మొఖం తిప్పుకోలే. నా మూతి దిక్కే చూసిండు, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏదో అన్నడు. నాకు సమజ్ కాలే. మళ్ల అన్నడు. కాలే. మూడోసారి ఒక్కొక్క మాట విడదీసి, మెల్లగ అన్నడు. జర కూడ విసుక్కోలే. అయినా నాకు తెలియకపోయేసరికి చెయ్యి పట్టుకొని తన దిక్కు గుంజుకున్నడు. అవ్వ నవ్వుకుంట నా చెవుల చెప్పింది: "బండ పాకురు పట్టింది, జారుతవు, ఇటు రా బిడ్డా అంటుండు."

ఇన్నేండ్లు గట్టిగ చెప్తే మాట చేరుతదనుకున్న. సదువు చెప్పే పంతులమ్మను, నాకే ఈ సంగతి తెల్వకపాయె. బాపుకు చెవులు పోయినయని అందరం అంటిమి గని, ఆయన ఎట్ల వింటడో ఇంట్ల అవ్వ తప్ప ఒక్కలం అడగలే. కుంటాల నీళ్లు ఎంత అందమో ఫొటోలల్ల మీరు చూసే ఉంటరు. నాకు మాత్రం ఆ మూడుసార్లు కదిలిన మూతే యాదికుంటది.

పోయేటోళ్లకు ఒక్క మాట. చెవులు సరిగ వినవడని పెద్దోళ్లు వెంట ఉంటే కారుల ముందట సీట్ల కూసోకుండ్రి. వాళ్ల పక్కన కూసోని, భుజం తట్టి, మొఖం చూపెట్టి మాట్లాడుండ్రి. తిరిగి వచ్చేటప్పుడు నేను గట్లనే చేసిన. కరీంనగర్ దాక బాపు నోరు మూస్తే ఒట్టు.