పెరట్లో నల్ల సిలిండర్

నాకు భయం ఎక్కువ. దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు. కుక్కర్ కూత వేస్తే వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడతాను. బల్బు మార్చాలంటే మెయిన్ ఆపి, ఆపానో లేదో మళ్లీ వెళ్లి చూసి, అప్పటికీ చెప్పులు వేసుకునే స్టూలెక్కుతాను. ఇట్లాంటి దాన్ని తీసుకెళ్లి ఏసీలు బిగించే మనిషికి కట్టబెట్టారు మావాళ్లు. పెళ్లైన కొత్తలోనే ఆయన గల్ఫ్ వెళ్లాడు. అక్కడా అదే పని, మేడల మీద ఎండలో నిలబడి ఏసీలకు గ్యాసు నింపడం. ఫోన్ వస్తే తిన్నావా అని అడిగే ముందు ఈరోజు ఎక్కడ ఎక్కావు, ఎంత ఎత్తు, పట్టుకోవడానికేమన్నా ఉందా అని అడిగేదాన్ని. ఆయన పడీ పడీ నవ్వేవాడు.

ఒక్కసారి నవ్వలేదు. ఆయన గదిలోనే ఉండే జమ్మికుంట దిక్కు మనిషి ఒకతను పనిలో చనిపోయాడు. ఏసీ పైపుల్లో లీకుందేమో చూడాలంటే లోపల నైట్రోజన్ ఎక్కించి చూస్తారు. ఆ రోజు నైట్రోజన్ అయిపోతే, పక్కనున్న వెల్డింగ్ వాళ్ల ఆక్సిజన్ తగిలించారట. మిషన్ లోపల కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. ఆక్సిజన్ ఒత్తిడి మీద వెళ్లి ఆ నూనెను కలిస్తే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదట. స్విచ్ వేశారు, పేలింది. అంతే. ఆ సాయంత్రం ఫోన్‌లో మా ఆయన గొంతును నేను గుర్తుపట్టలేదు.

ఆక్సిజన్ సిలిండర్ ఎట్లా ఉంటుంది, నైట్రోజన్‌ది ఎట్లా ఉంటుంది అని అడిగాను. మన దగ్గరైతే ఆక్సిజన్‌ది నల్లగా ఉంటుంది, నైట్రోజన్‌ది బూడిద రంగు అని చెప్పి, నీకెందుకే ఇవన్నీ అన్నాడు. ఎందుకో నాకూ తెలియదు. భయపడేదేదో వివరంగా భయపడాలి నాకు, లేకపోతే నిద్ర పట్టదు.

తర్వాత ఆయన అక్కడి పని చాలించుకుని వచ్చేశాడు. లక్సెట్టిపేటలో ఇల్లు కట్టుకున్నాం. మనిషి కళ్లముందు ఉన్నాడు కదా, ఇక నా గుండెకు కాస్త విశ్రాంతి అనుకున్నాను. అప్పుడు మా బాపు వచ్చాడు.

బాపు శ్రీరాంపూర్ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మమ్మల్ని కన్న అవ్వ పోయింది, కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాడు, మా ఇంటికొచ్చాడు. గని నుంచి ఆయన తెచ్చుకున్నవి ఛాతీలో బొగ్గు దుమ్ము, చెవుల్లో చెవుడు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. పక్క గదిలోంచి పిలిస్తే మాట తెలియదు, ఎవరో అరుస్తున్నారని మాత్రం తెలుస్తుంది.

చలికాలం వస్తే ఆయన్ని చూడలేం. గోదావరి మీది గాలి ఇంట్లోకొచ్చిందంటే చాలు, ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లికూతలు. పోయిన చలికాలం కరీంనగర్ ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. గది వెచ్చగా ఉండాలి, పొగ అసలు తగలకూడదు, ఇంకోసారి ఇట్లా ముదిరితే మనిషి దక్కడు అని. బాపుకు చెబితే వింటేగా. తలుపు మూసి మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకునేవాడు.

"పుట్టి పెరిగింది బొగ్గులనే. బొగ్గు నన్నేం జేస్తది బిడ్డా?" అనేవాడు.

నేను పోయి తలుపు తెరిచేదాన్ని, ఆయన లేచి మూసేవాడు. మూసిన గదిలో కుంపటి మనిషిని నిద్రలోనే చంపుతుందని ఎక్కడో విన్నాను. అర్ధగంటకోసారి పోయి ఆయన ఛాతీ కదులుతోందా అని చూసి వచ్చేదాన్ని.

అందుకని మా ఆయన ఒక ఉపాయం తెచ్చాడు. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి, రెండూ ఇచ్చే ఏసీ ఉంటుందట. ఆదిలాబాద్ చలికి అక్కడ కొందరు అదే పెట్టుకుంటారు. అక్కడ బదిలీ మీద వెళ్లిపోతున్న ఒకాయన తనది అమ్మేస్తుంటే కొని తెచ్చాడు. బయట పెట్టే పెట్టె బయటి గాలిలో ఉన్న వెచ్చదనాన్ని లాగి, పైపుల్లోని గ్యాసు ద్వారా గదిలోకి పంపుతుందని బాపు ముందు కూర్చుని చేతులు తిప్పుతూ చెప్పాడు.

"బయట సలి పెడుతుంటె గా సలిల ఏడి యాడిది అల్లుడా? నీకు ఎవలో టోపీ పెట్టిండ్రు" అన్నాడు బాపు. ఆ మాటకు నేను కూడా లోపల్లోపల ఒప్పుకున్నాను.

ట్రాలీలో ఆదిలాబాద్ నుంచి ఎగిరెగిరి వచ్చేసరికి దాని పైపు ఎక్కడో చీలి, ఉన్న గ్యాసంతా పోయింది. ఇక మొదటి నుంచీ చెయ్యాలి. పైపులు అతికించాక నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బు నురగ పూసి బుడగ లేస్తుందేమో చూడాలి. తర్వాత పంపు పెట్టి లోపలి గాలీ తేమా మొత్తం లాగెయ్యాలి. ఆ తర్వాతే కొత్త గ్యాసు, అదీ పెట్టె మీద రాసినంత తూకమే, ఒక్క పిసరు ఎక్కువ కాకుండా. ఇప్పటి గ్యాసు నిప్పు తగిలితే అంటుకునే రకం అని కూడా ఆయన నోటి నుంచి వచ్చింది. నాకు అది చాలు. కుంపటిని వీధిలోకి పట్టుకెళ్లి నీళ్లు గుమ్మరించాను. బాపు నాతో మాట్లాడటం మానేశాడు.

బిగించే రోజు పొద్దుటి నుంచే మబ్బు. మా ఆయన పైపులు అతికించి, నైట్రోజన్ తెరిచి చూస్తే సిలిండర్ అడుగంటింది. మంచిర్యాల పోయి తెస్తానన్నాడు. పోతూ పోతూ నాకూ మా తమ్ముడికీ ఇద్దరికీ చెప్పాడు, నేను వచ్చేదాకా దాని జోలికి పోకండి అని.

మా తమ్ముడిది మా వీధి చివర వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్లులు చేస్తాడు. భయం అనేది మా ఇద్దరికీ పంచాల్సింది మొత్తం నాకే వచ్చినట్టుంది, వాడి దగ్గర చూద్దామన్నా లేదు. ఒంటి మీది దుమ్ము ఆక్సిజన్ పైపుతో దులుపుకుంటాడు. సైకిల్ టైరుకు గాలి తక్కువైతే అదే పెట్టి నింపుతాడు. ఇదేం పాడు అలవాటురా అని తిడితే, ఆస్పత్రిల మనుషులకే పెడుతరు కదక్కా, టైరుకేమైతది అంటాడు. చెడ్డవాడు కాదు. బాపు అంటే ప్రాణం. ఆ రోజు కుంపటి లేదు, ఏసీ ఇంకా నడవలేదు, బాపు రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గలేదు. ఒక్కో ఊపిరికి భుజాలు పైకి లేస్తున్నాయి. వాడు అది చూస్తూ కూర్చోలేకపోయాడు.

నేను వంటింట్లో బాపుకు వేడినీళ్లు పెడుతున్నాను. పెరట్లో నుంచి బుస్‌మని సన్నగా చప్పుడు. మా ఆయన వచ్చాడేమో, బండి చప్పుడు వినపళ్లేదే అనుకుంటూ వెనక తలుపులోంచి చూశాను.

గోడకు ఆనించి నల్ల సిలిండర్.

దాని పైపు ఏసీ బయటి పెట్టెకు తగిలించి ఉంది. తమ్ముడు గొంతుక్కూర్చుని గేజీ ముల్లు పైకి లేస్తుంటే చూసి మురుస్తున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దురా అని అరవడానికి నోరు తెరిచాను. వాడు నన్ను చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుని నవ్వాడు.

"అరవకు. ఏ గాలైతేంది, మిషన్ల ఇంత ఎక్కిస్తె నడుస్తది. బాపు చేతుల రిమోట్ ఇచ్చిన. నేను ఒర్రంగనే ఒత్తుమన్న" అన్నాడు.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వెనక వంటింట్లో లైటు వెలుగుతోంది, అంటే మా ఆయన ఆపి పోయిన మెయిన్ కూడా వీడే వేసి వచ్చాడు. లోపల బాపు రిమోట్ పట్టుకుని, అరుపు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఎవరి అరుపో, ఏమని అరుపో ఆయనకు తెలియదు. వద్దు అని నేను అరిస్తే అదే ఆయనకు సైగ. బొద్దింకను చూసినా వీధి మొత్తం వినేట్టు అరిచే మనిషిని. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ అరుపు గొంతులో పట్టుకుని ఆపాను.

వాడి దగ్గరికి నడిచాను. పరిగెత్తలేదు, ఎందుకో పరిగెత్తితే అదే పేలుతుందనిపించింది. సిలిండర్ మూయమని చేత్తో సైగ చేశాను. ఇదిగో అయిపోయింది అని వాడు సిలిండర్ మూసి, లేచి, కిటికీ వైపు తిరిగి, అరవడానికి ఊపిరి బిగించాడు. రెండు చేతులతో వాడి నోరు మూసేశాను. వాడు ఆట అనుకున్నాడు. నా చేతుల కింద నవ్వుతున్నాడు, గింజుకుంటున్నాడు. గడ్డి తినే వెధవ, ఎప్పుడూ నవ్వే. వాడి చెవిలో చెప్పాను.

"జమ్మికుంటాయన గిట్లనే సచ్చిపోయిండురా. లోపల నూనె ఉన్నది. బాపు ఒత్తిండంటే అందరం పోతం."

నవ్వు ఆగిపోయింది. వాడి మొహంలో నెత్తురు లేకుండా పోవడం అంత దగ్గర నుంచి నేనే చూశాను. అప్పుడు లోపలి నుంచి టింగ్‌మని ఒక చిన్న చప్పుడు వచ్చింది. ఎదురుచూసి ఎదురుచూసి బాపు తనంతట తానే ఒత్తేశాడు.

ఆ మిషన్ వెంటనే లేవదని, గది పెట్టె రెక్క తెరుచుకుని కాసేపు ఆగాకే బయటి పెట్టె మొదలవుతుందని మా ఆయన ఎప్పుడో చెప్పిన మాట నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఉంటే నడిచేదాన్నేమో. పెరట్లోంచి వంటింట్లో పడి, మెయిన్ ఉన్న వరండాలోకి ఎట్లా వచ్చానో తెలియదు. గుమ్మానికి కాలి వేలు తగిలి గోరు లేచిపోయిందని తర్వాత చూసుకున్నాను. మెయిన్ పట్టుకుని కిందికి గుంజాను. ఇంట్లో ఫ్రిజ్ ఆగింది, లైట్లు ఆరిపోయాయి. అన్నీ ఆగాయి. నేను గోడను పట్టుకుని, ఇంకా పేలుతుందేమోనని కళ్లు మూసుకుని నిలబడ్డాను. పెట్టె ఫ్యాన్ రెక్క కదలబోయి ఆగిపోయిందని తమ్ముడు చెప్పాడు. వాడు దాని పక్కనే నిలబడిపోయాడట.

అప్పుడు అరిచాను. ఏమరిచానో గుర్తులేదు గానీ వీధి వీధంతా వచ్చింది. బాపును ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టాను. ఆయన రగ్గులోంచి తల బయటపెట్టి, ఒత్తమంటే ఒత్తిన, గిండ్ల నా తప్పేమున్నది అని అందరినీ అడుగుతున్నాడు. తమ్ముడు మళ్లీ పెరట్లోకి పోయి పైపు విప్పుతానన్నాడు. నువ్వు అడుగు ముందుకేస్తే చంపేస్తానన్నాను. చంపుతానన్న మాట నోట్లోంచి వచ్చాక ఏడుపు ఆగలేదు.

మా ఆయన నైట్రోజన్ తీసుకుని వచ్చాడు. విన్నాడు. మా తమ్ముడిని కొడతాడనుకున్నాను. అందరినీ వీధి చివరికి పంపించి, ఒక్కడే లోపలికి పోయి, లోపలి ఆక్సిజన్‌ను కొంచెం కొంచెంగా బయటికి వదిలేశాడు. ఆ నూనెను ఇక నమ్మనన్నాడు. కంప్రెసర్ ఊడదీసి, పాత నూనెంతా వంచేసి, కొత్త నూనె పోసి, నైట్రోజన్‌తో లోపలంతా కడిగినట్టు ఊది, మళ్లీ బిగించడానికి మర్నాడు సాయంత్రమైంది. సబ్బు నురగ పూశాడు, బుడగ లేదు. పంపు పెట్టి లాగాడు. గ్యాసు సిలిండర్‌ను కాటా మీద పెట్టి, అంకె చూస్తూ తూకం ప్రకారం ఎక్కించాడు. అన్నీ నేను వెనకే నిలబడి చూశాను. ఒక్కటీ తప్పలేదు.

అంతా అయ్యాక రిమోట్ తీసుకుని, బాపునూ తమ్ముడినీ తీసుకుని ఎదురింటికి పొమ్మన్నాడు నన్ను. వాళ్లను పంపించి నేను ఆగాను.

"అన్ని సక్కగనే చేసినవు గద. మల్ల మమ్ముల ఎందుకు పంపుతున్నవ్?"

"ఎవరింట్ల చేసినా ఫస్ట్ సారి మిషన్ స్టార్ట్ చేసేటప్పుడు అందరిని బయటికే పంపిస్త. నీకెప్పుడు చెప్పలే."

"నీకు భయమైతదా?"

ఆయన పెట్టె వైపు చూస్తూ, "జమ్మికుంటాయన పోయినప్పటి సంది ఎప్పుడైతలేదో చెప్పు" అన్నాడు.

నేను ఫోన్లో గుచ్చి గుచ్చి అడిగితే నవ్విన మనిషి. కరీంనగర్‌లో, మంచిర్యాలలో, ఎవరెవరి ఇళ్లలోనో జనాన్ని బయటికి పంపించి, ఒక్కడే నిలబడి మీట ఒత్తుతూ వచ్చాడన్నమాట. నా దగ్గరికొచ్చి మాత్రం నవ్వేవాడు. తిడదామనుకున్నాను. పో అన్నాడు. పోనన్నాను. పిచ్చిదానా పోవే అన్నాడు. ఆయన చొక్కా అంచు పట్టుకుని, ఒత్తు అన్నాను.

కిటికీలోంచి రిమోట్ చూపించి ఒత్తాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పెట్టె గుర్రుమంది, ఫ్యాన్ తిరిగింది, మంచులాంటి గాలి ఇద్దరి మొహాలకూ కొట్టింది. బయట ఇంత చల్లగా వదులుతుందంటే లోపల గది వెచ్చబడుతున్నట్టేనని, ఇక పోయి బాపును తీసుకురమ్మని ఆయన చెబుతున్నాడు. వింటూనే ఉన్నాను. చొక్కా వదలడానికి నాకు చాలాసేపు పట్టింది.