ఒక చుక్క టాంపనా, మూడు చుక్కలదా

1983 వేసవిలో నేను విశాఖపట్నంలో ఒక కంపెనీ టౌన్‌షిప్ ఈతకొలనులో లేడీస్ బ్యాచ్ అటెండెంటుగా ఎన్.ఎం.ఆర్. మీద పనిచేస్తున్నాను. ఎన్.ఎం.ఆర్. అంటే వచ్చిన రోజుకి కూలి. రాని రోజు నువ్వెవరో మేమెవరో. నా పైన లైఫ్‌గార్డులు, వాళ్ల పైన సీనియర్ లైఫ్‌గార్డు, అందరి పైనా పూల్ సూపరింటెండెంటు సత్యంగారు. అంతా మగవాళ్లే. ఆడవాళ్లు ఈదే సాయంత్రపు బ్యాచ్‌లో గట్టు మీద మగవాడు కనబడకూడదని టౌన్‌షిప్ లేడీస్ క్లబ్బు వాళ్లు పట్టుబట్టబట్టి నాకా పని దొరికింది.

నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం మర్యాద కోసం. లెక్కల మేష్టారూ నేనూ ఒకరినొకరం భరించలేక విడిపోయాం. ఈత మాత్రం బడిలో చెప్పేది కాదు. జాలారిపేటలో మా నాన్న తెప్ప వెనక వేలాడి, అమ్మ చూడనప్పుడు నేర్చుకున్నాను.

పని గురించి రెండు ముక్కలు. పొద్దున్నే కొలను నీళ్లు గాజు గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి, తేలిన పసుపు రంగుని బట్టి క్లోరిన్ ఎంతుందో చూడాలి. బ్యాచ్ దిగేటప్పుడు తలలు లెక్కపెట్టాలి, ఎక్కేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాలి. ఎవరైనా మునుగుతుంటే ముందు కర్ర అందించాలి, అందకపోతే రింగు విసరాలి, రెండూ కుదరనప్పుడే మనం దూకాలి. దూకడమే గొప్ప అనుకునేవాడు ఈ పనికి పనికిరాడు.

మధ్యాహ్నం మగవాళ్లంతా పంపు గదిలో క్యారేజీలు విప్పుకునేవారు. నేను లేడీస్ డ్రెస్సింగ్ రూములో తినేదాన్ని. తడి తువ్వాళ్ల వాసనతో కలిపి తింటే ఏ కూరైనా ఒకటే రుచి. సాయంత్రం బస్సెక్కి గోపాలపట్నంలో నా అద్దె గదికి పోయేదాన్ని. ఇంట్లో వాళ్లకి ఈ ఉద్యోగం నచ్చలేదు. మోకాళ్ల దాకా నిక్కరు ఒక కారణం, రెండోది నీళ్లు. మావాళ్లలో ముట్టయిన ఆడది వలని తాకదు, పడవ ఛాయలకి పోదు. "సంద్రం కాడికే ఎల్లం గదే ఆ మూడ్రోజులూ, నువ్వా గచ్చు సెరువులో దిగుతావేటి?" అని అమ్మ అడిగింది. దిగనని చెప్పాను. నిజంగానే దిగేదాన్ని కాదు. ఆ రోజుల్లో పనికే పోయేదాన్ని కాదు. లేడీస్ బ్యాచ్‌కి తాళం పడేది, నా కూలికీ పడేది. పంపు గదిలో ఉన్నవాళ్లందరికీ నా తేదీలు నోటికొచ్చు. క్యాలెండరు కొనుక్కునే పని లేకుండా పోయింది వాళ్లకి.

అలా ఉండగా లేడీస్ బ్యాచ్‌కి పర్మనెంటు లైఫ్‌గార్డు పోస్టు ఒకటి మంజూరయింది. ట్రేడ్ టెస్టు నెగ్గిన వాళ్లకే ఇస్తారు. ట్రేడ్ టెస్టంటే కాగితం మీద కాదు, నీళ్లలో పరీక్ష: లోతు వైపు అడుగున పడేసిన ఇటుక తేవాలి, చేతులు పైకెత్తి కాళ్లతోనే తేలాలి, ఒక మనిషిని ఈ చివర నుంచి ఆ చివరకి ఈడ్చుకురావాలి. సత్యంగారు నన్ను పిలిచారు. చెడ్డవారు కాదు. బల్ల మీద కలం అటూ ఇటూ దొర్లిస్తూ, "సూడమ్మా, నీ ఈత గురించి నాకు అనుమానం లేదు. కానీ పర్మనెంటు పోస్టంటే నెలంతా డ్యూటీ. మరి నీకు ఆ సెలవు ఉంటాది గదా" అన్నారు.

"ఏ సెలవు సార్? పేరు సెప్తే అర్జీలో రాసుకుంటాను" అన్నాను.

ఆయన ఎర్రబడి, టెస్టు చేసే బోర్డులో కూడా ఈ ప్రశ్న వస్తుందనీ, నెలకి నాలుగు రోజులు మూతపడే బ్యాచ్‌కి పర్మనెంటు మనిషెందుకంటారనీ, మగవాణ్ణే పెట్టి క్లబ్బుకి నచ్చజెబుతారనీ చెప్పారు. టెస్టు తేదీ కూడా చెప్పారు. వేళ్ల మీద లెక్కేసుకున్నాను. సరిగ్గా నా రెండో రోజు. తేదీ మార్చమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే వాళ్ల మాటని నేనే రుజువు చేసినట్టు.

మా బ్యాచ్‌లో నెలసరికి ఆగకుండా ఈదే ఆడమనిషి ఒక్కతే ఉండేది. కంపెనీ పని మీద వచ్చిన జర్మన్ ఇంజనీరు భార్య హెల్గా. నేను హెల్గమ్మా అనేదాన్ని, పలికేది. బ్యాచ్ తెరిచి ఉన్న ఏ రోజూ నాగా లేదు. ఈవిడకి అసలు రాదా, లేక జర్మనీలో అదీ మిషను మీదే నడుస్తుందా అని నాకు అనుమానం. ఉండబట్టలేక ఒకరోజు గోడ క్యాలెండరూ, నా పొట్టా, నీళ్లూ వరసగా చూపించాను. ఆమె నవ్వి సంచిలోంచి చిటికెన వేలంత దూది చుట్ట తీసింది, కొసన దారం. లోపల పెట్టుకోవాలని సైగ చేసింది. నేను సిగ్గుపడి, మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర బేరం కుదరనట్టు తల అడ్డంగా ఊపాను.

అదే నెలలో వాళ్లు తిరుగు ప్రయాణమయ్యారు. పోతూ హెల్గమ్మ నా చేతిలో మూడు పెట్టెలు పెట్టింది. ఒకదాని మీద ఒక నీటి చుక్క బొమ్మ, ఒకదాని మీద రెండు, ఒకదాని మీద మూడు. నాకు తెలిసి ఊరు మొత్తం మీద ఆ వస్తువు వాడకం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె విమానం ఎక్కేసింది.

గదిలో తలుపు గడియ వేసి మూడు పెట్టెలూ చాప మీద పరిచాను. లోపలి కాగితం మీద జర్మను భాష, స్టూలు మీద ఒక కాలు పెట్టి నిలబడిన ఆడమనిషి బొమ్మ. ముఖం మాత్రం ఫోటో స్టూడియోలో దిగినంత ప్రశాంతంగా ఉంది. ఏ పెట్టె నాది? సైజంటే నాకు తెలిసింది జాకెట్టు సైజు, చెప్పు సైజు. నేను ఎముక పుష్టి గల మనిషిని, గాజుల బండివాడు కూడా నాకు సరిపోయేవి లేవనేవాడు. కాబట్టి మూడు చుక్కలదే నాదని తేల్చుకున్నాను. పరీక్షకి ముందే అలవాటవ్వాలని ముట్టు లేని రోజు పెట్టి చూశాను. సగం కూడా వెళ్లలేదు. నిప్పు గీసినట్టు మంట. బయటికి లాగేటప్పుడు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పక్క గదిలో ఇంటావిడ రేడియో పెట్టుకుని పప్పు రుబ్బుతోంది. ఒక పొడుపుకథ విప్పమని అడగొచ్చు ఆవిణ్ణి, ఇది అడగలేను. అమ్మని అడగలేను. నా ఒళ్లే దీనికి తగదు కాబోలనుకుని పెట్టెలు ట్రంకులో అడుక్కి తోసేశాను.

రెండు రోజులు ఊరుకుని, ఇక లాభం లేక కంపెనీ డిస్పెన్సరీకి వెళ్లాను. అక్కడి లేడీ డాక్టరు గారు ఎవరినీ కూర్చోమనే రకం కాదు. తలెత్తకుండానే, పెళ్లయిందా అని అడిగారు.

"లేదమ్మా. అయినా మాత్రం ఇది మా ఆయన్ని అడుగుతానేటి, మిమ్మల్నే అడగాలి గదా" అని మూడు రకాలూ బల్ల మీద పెట్టాను.

ఆవిడ తలెత్తారు. లేచి తలుపు వేసి, నన్ను కూర్చోమన్నారు. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "టాంపన్ అంటారు దీన్ని. నేనూ పుస్తకంలో చదవడమేనమ్మా. చేత్తో పట్టుకోవడం ఇదే" అన్నారు. మందు కొలిచే గ్లాసుల్లో నీళ్లు పోసి ఒక్కోదాన్ని వేశాం. నూనెలో పడ్డ అప్పడంలా అవి విచ్చుకోవడం ఇద్దరం వంగి చూశాం. మూడు చుక్కలది గ్లాసులో నీళ్లన్నీ తాగేసి ఇంకా కావాలన్నట్టు ఉంది.

చుక్కలు మనిషి ఒంటి కొలత కాదనీ, ఎంత పీలుస్తుందో దాని కొలత అనీ అప్పుడు తెలిసింది. స్రావాన్ని బట్టి, పని జరిగే వాటిలో చిన్నదే వాడాలట. ముట్టు లేనప్పుడు పెడితే పొడి దూది గీరుకోక ఏమవుతుందని మందలించారు. నిటారుగా పైకి తోయకూడదు, వెనక నడుం వైపు వాలుగా తోయాలి, ఒళ్లు బిగబట్టకూడదు, నాలుగైదు గంటల్లో మార్చాలి, పెట్టి మరిచిపోకూడదు, జ్వరం వచ్చి ఒళ్లు తూలితే తీసేసి వెంటనే ఆసుపత్రికి రావాలి.

నేను లేవలేదు. ఆవిడే, "ఇంకా ఏమిటి?" అన్నారు.

"రేపొద్దున్న పెళ్లికి అడ్డమేమైనా..." అన్నాను.

"కన్నెతనం దూదితో పోయేది కాదు. వెళ్లు, బయట జనం ఉన్నారు" అన్నారు.

టెస్టుకి ముందురోజు మొదలైంది. ఆ నెల సెలవు పెట్టలేదు, పంపు గది వాళ్లు తమ లెక్కే తప్పిందనుకున్నారు. బ్యాచ్ రాకముందు, ఒక చుక్కది పెట్టుకుని లోతు లేని వైపు దిగాను. మొదటి ప్రయత్నం వంకరగా పోతే తీసేసి ఇంకొకటి పెట్టాను. సరిగ్గా కుదిరాక అసలు ఉన్నట్టే తెలియలేదు. నడుం దాకా నీళ్లలో అటూ ఇటూ నడిచాను. నీళ్ల రంగు మారలేదు. అంత పెద్ద కొలనులో ఒక్కదాన్నే, నన్ను చూసి నవ్వేవాళ్లు గానీ మెచ్చుకునేవాళ్లు గానీ లేరు.

మర్నాడు డ్రెస్సింగ్ రూములో మూడు చుక్కల పెట్టె మళ్లీ నన్ను పిలిచింది. రెండో రోజు, బోర్డు తరఫున ముగ్గురు మగవాళ్లు గట్టు మీద కుర్చీలేసుకుని ఉంటారు, జరగరానిది జరిగితే పోస్టుతో పాటు పరువూ పోతుంది. పెద్దది చేతిలోకి తీసుకున్నాను కూడా. పరీక్ష మొత్తం గంటలోపే. నిన్న చిన్నది అంతకంటే ఎక్కువసేపు ఆగింది. పెద్దది నాకు మంట తప్ప ఏమీ ఇచ్చింది లేదు. దాన్ని పెట్టెలో పెట్టి చిన్నదే వాడాను.

ఇటుక తెచ్చాను. చేతులెత్తి తేలాను. ఈడ్చడానికి సీనియర్ లైఫ్‌గార్డునే నీళ్లలో పడుకోబెట్టారు. మధ్యాహ్నం తిన్న చేపల పులుసుతో సహా మోసి గట్టెక్కించాను. ఇదంతా అయ్యాక బోర్డు పెద్ద అడగనే అడిగారు: "మరి నెల నెలా ఆ ఇబ్బంది సంగతి?"

"ఏ రోజు దిగమంటే ఆ రోజు దిగుతాను సార్. ఇయ్యాళ సూసేరు గదా" అన్నాను.

ఆయన తలూపి రాసుకున్నారు. సత్యంగారు నాకు మాత్రమే వినబడేలా, "తేదీ బాగా కలిసొచ్చిందమ్మా నీకు" అన్నారు. జీవితంలో నేను విన్న మాటలన్నిటిలో నవ్వదగ్గది అదే, అది నా రెండో రోజని తెలిసి నవ్వే మనిషి ఆ గట్టు మీద లేడు. గోపాలపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనే నవ్వుకున్నాను. పక్కనున్నావిడ కాస్త జరిగి కూర్చుంది.

పోస్టు వచ్చింది. రిటైరయ్యే దాకా ఆ కొలను దగ్గరే చేశాను. నా కింద చేరిన ప్రతి అమ్మాయికీ రింగు విసరడం నేర్పిన రోజునే, తలుపేసి ఇది కూడా చెప్పాను. నాకు తెలిసింది ఇంతే. సామాను పనిని బట్టి ఎంచుకోవాలి, భయాన్ని బట్టి ఎంచుకుంటే ఎప్పుడూ పెద్దదే చేతికొస్తుంది. కొత్తదాన్ని ముందు లోతు లేని చోట వాడి చూడాలి. తెలిసిన మనిషి దొరక్కపోతే, తెలియదని ఒప్పుకుని మనతో పాటు వంగి చూసే మనిషినైనా అడగాలి.