మూసే ముందు మూడుసార్లు

మంగళవారం పొద్దున బోధన్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డ. ఆయన నీకు జెప్పిన పని యాదికున్నది గదా, జల్ది రా" అంది. నిజామాబాద్ బస్టాండు దాకా నడుస్తూ ఉంటే నాకు ఏడుపు రాలేదు. ఆ పని తలుచుకుంటేనే భయం. ఎందుకో తెలియాలంటే ఆయన గురించి మొదటి నుంచీ చెప్పాలి.

పెద్దబాపు, పెద్దమ్మ అని పిలవడమే గానీ వాళ్లు మాకు చుట్టాలు కారు. బోధన్‌లో మా గోడకు గోడ ఇల్లు. చక్కెర మిల్లుల్లో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. నేనప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, తీరిక దొరికితే అంతరిక్ష యుద్ధాల నవలలు రాసేదాన్ని. వారపత్రికలో నా సీరియల్ చదివిన మీలో చాలామంది నన్ను మగవాడనుకుని ఉత్తరాలు రాశారు. ఏ ఉత్తరం విప్పినా ఒకటే ప్రశ్న. మీ ఓడల్లో తలుపు మూసేవాళ్లు ముందు మూడుసార్లు తట్టి వింటారు, ఎందుకు? ఇన్నేళ్లూ జవాబు రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

మొదటి యుద్ధనౌక బొమ్మ గీసి ఆయనకు చూపించిన రోజు బాగా గుర్తు. పన్నెండు ఫిరంగులు పెట్టి, మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. ఆయన ఫిరంగుల వంక చూడనే లేదు. "వేడి యాడికి పోతది?" అన్నాడు. అంతరిక్షమంతా చల్లగానే ఉంటుంది కదా అని దబాయించాను. గాలే లేని చోట వేడిని మోసుకుపోయేదెవరని అడిగాడు. లైబ్రరీలో పుస్తకం తిరగేస్తే నాకు తల కొట్టేసినట్టయింది. బాయిలర్ మనిషి మాటే నిజం.

అప్పటి నుంచి నా ఓడలకు పల్చటి రేకుల్లాంటి పెద్ద రెక్కలు వచ్చాయి, లోపలి వేడిని మెల్లగా బయటికి వదలడానికి. శత్రువు ముందు వాటినే కొడతాడు. కాపాడుకుందామని ముడిస్తే లోపలి మనుషులు ఉడికిపోతారు. ఫిరంగి పేల్చిన ప్రతిసారీ ఓడ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కిన ఓడ దూరానికి కనబడిపోతుంది. అందుకే నా కెప్టెన్లు ముందుగా కాల్చరు. అన్నీ ఆర్పుకుని, ఎదుటివాడి ఓపిక ఎప్పుడు చచ్చిపోతుందా అని కూర్చుంటారు. "లడాయంటే కాల్చుడు గాదు బిడ్డ, బుగులు వట్టుకొని కూసునుడు" అని నేర్పింది ఆయనే.

ఆ బుగులు, ఆ భయం సంగతి ఆయనకు బాగా తెలుసు. చర్చిలో తలుపు పక్క కుర్చీ, బస్సులో మెట్ల పక్క సీటు. కొత్త ఇంట్లోకి పోతే ముందు గోడకు అరచేయి ఆనించి చూసేవాడు. ఆయన ఇంట్లో ఏ తలుపూ పూర్తిగా మూతపడదు. స్నానాల గదికి పాత చీర పరదా. చెరుకు క్రషింగ్ రోజుల్లో మిల్లు నుంచి మడ్డి వాసన ఇల్లంతా కమ్మినా సరే, తలుపులు బార్లా ఉండాల్సిందే. పెద్దమ్మ ఈ ముచ్చట చెప్పి వాడకట్టంతా నవ్వించేది. నేనూ నవ్వాను. ఇప్పుడు సిగ్గేస్తుంది.

సీరియల్ ముగింపుకొచ్చింది. ఓడకు చిల్లు పడుతుంది. కెప్టెన్ ఏడుగురిని అవతలే వదిలి ఇనుప తలుపు మూసేసి, రెండు వందల మందిని కాపాడతాడు. బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోతూ, అరుగు మీద కూర్చుని ఆయనకు చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లిపోయాడు. వారం రోజులు మా గడప తొక్కలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, వాకిట్లోనే నిలబడ్డాడు.

"గా ఏడుగురు లోపల ఏం జేసిండ్రు?"

అది రాయలేదన్నాను.

"తలుపు కొట్టిండ్రు" అన్నాడు.

వయసులో ఉన్నప్పుడు మంజీర నది అవతల ఒక మిల్లులో చేసేవాడట. ఒకనాడు ఆవిరి పైపు పగిలింది. పక్క హాల్లో ముప్పై మంది ఉన్నారు. పైపు దగ్గరున్నవాళ్లంతా బయటపడ్డారనుకుని మధ్యలో ఉన్న ఇనుప తలుపు లాగి గొళ్లెం వేశాడు. లోపలి నుంచి మూడుసార్లు చప్పుడైంది. రోజూ తన పక్కన కూర్చుని సద్ది తినే జతగాడు లోపలే ఉండిపోయాడు. తెరిస్తే ఆవిరి ముప్పై మంది మీదికి వస్తుంది. ఆయన తెరవలేదు. మంచి పని చేశావని అందరూ ఆయన భుజం తట్టారు.

"నాలుగోసారి కొడ్తడేమోనని సూసిన బిడ్డ. కొట్టలే." పక్కనున్న గోడకు అరచేయి ఆనించాడు. "మూసుడు తప్పని నేనంటలే. మూసే ముందు కొట్టి ఇనాల్సి ఉండె. నేను ఇనలే."

 ఆ చేత్తో గోడలను ఎందుకు తడుముతాడో అప్పుడు తెలిసింది. ముగింపు తిరగరాశాను. కెప్టెన్ ముందు మూడుసార్లు తట్టి వింటాడు. నలుగురు బయటికి రాగలుగుతారు, ముగ్గురు రాలేరు. అది విని ఆయన మెచ్చుకోలేదు. "గా ముగ్గురికి పేర్లు వెట్టు" అన్నాడంతే. అప్పటి నుంచి నా కథల్లో పేరు లేకుండా ఎవరూ చావలేదు. నాకు రాయడం నేర్పింది ఆ ఒక్క మాటే.

పోయినేడాది, మంచం పట్టాక, నన్ను పిలిపించి ఒక పని అప్పజెప్పాడు. "నా పెట్టె మూసే ముందు నువ్వు కొట్టు. ఉత్తగ కొట్టుడు గాదు, చెవి వెట్టి ఇను." సరేనన్నాను. అనడం సులువే.

నేను బోధన్ చేరిన సాయంత్రం చర్చి ఆవరణలో ప్రార్థన అయిపోయింది. శవపెట్టె మీద మూత పెట్టారు. వడ్రంగి మేకులు చేతిలోకి తీసుకున్నాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను ముందుకెళ్లి వంగి, మూత మీద మూడుసార్లు తట్టి చెవి ఆనించాను. నా గుండె చప్పుడే నాకు వినబడుతోంది. రోడ్డు మీద చెరుకు లారీ ఒకటి వెళ్లింది. అది దాటిపోయేదాకా ఆగి, మళ్లీ విన్నాను.

"అయిపాయెనా అక్క?" అని వడ్రంగి మెల్లగా అడిగాడు.

నేను చెవి తీయలేకపోయాను.