ఆఖరు ముందే చెప్పే సదాశివ

సదాశివకు ఒకటే జబ్బు. సినిమా ఆఖరు ముందే చెప్పేస్తాడు.

అడగాల్సిన పనిలేదు. వద్దన్నా ఆగడు. సికిందరాబాదు మోండా మార్కెట్ పక్క సందులో ఆయనకో చిన్న దుకాణం ఉంది. ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. తర్వాత సీడీలు, డీవీడీలు అమ్మాడు. ఇప్పుడు రిమోట్ కవర్లూ ఫోన్ చార్జర్లూ అమ్ముకుంటూ, వెనక గోడకు మాత్రం ఒక డిస్కుల అర అలాగే ఉంచుకున్నాడు. అది వ్యాపారం కాదు, వ్యసనం. ఎవరైనా దారితప్పి వచ్చి ఒక డిస్కు చేతిలోకి తీసుకుంటే చాలు, సదాశివ కుర్చీలోంచి లేస్తాడు.

"ఇది ఎట్లుంటది?" అంటాడు వచ్చినవాడు.

"మస్తుంటది. డ్రైవర్ చంపిండు."

"ఏందీ?"

"ఇంటాయన్ని. అందరు తమ్ముని మీద అనుమానపడ్తరు గని, డ్రైవరే. చార్జర్ సుత కావాల్నా?"

వచ్చినవాడు చార్జరొక్కటే కొనుక్కుని పోతాడు.

ఒకసారి తిరుమలగిరి బస్సులో పక్క సీటాయన ఫోనులో సినిమా చూస్తున్నాడు. సదాశివ కాసేపు ఓపిక పట్టాడు. ఆయన ఓపిక ఒక సిగ్నల్ దాకా ఉంటుంది. తర్వాత వంగి, "గా పోలీసాయన ఉన్నడు చూడు, ఆయనే దొంగ" అన్నాడు. పక్కాయన ఫోను జేబులో వేసుకుని, తన స్టాపు కాకపోయినా దిగిపోయాడు. పాపం ఇక నిమ్మళంగా ఇంటికి పోతాడని సదాశివ సంతోషించాడు.

దీనికో సిద్ధాంతం కూడా ఉంది ఆయన దగ్గర. "ఆఖరు తెల్వకుండ సినిమా చూసుడంటే, మూటల ఏముందో తెల్వకుండ నెత్తిన మోసుడే. ముందే తెల్సుకుంటే ఆరాంగ కూసోని చూడొచ్చు. ఉత్తగనే గుండె ఎందుకు పరేషాన్ చేసుకోవాలె?"

ఈ సిద్ధాంతానికి అందరికన్నా ఎక్కువగా బలైనవాడు సత్యదేవ్. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి, కార్ఖానా అనే పేటలో సదాశివ ఇంటి మేడమీద అద్దెకున్నాడు. వారమంతా ఎవరిదో కంపెనీ లెక్కలు చూసి చూసి, శనివారం ఒక్క సినిమా చూడాలనుకుంటాడు. మెట్లెక్కుతుంటే కింద వరండాలోంచి గొంతు వస్తుంది.

"తమ్మీ, ఇయ్యాల ఏం చూస్తున్నవ్?"

ఒకసారి సత్యదేవ్ తెలివిగా, "ఏమీ లేదంకుల్" అన్నాడు. సదాశివ ఆ వారం వచ్చిన సినిమాలన్నిటికీ వరసగా ఆఖరు చెప్పి పంపాడు.

"ఇల్లు మారిపోదాం" అన్నాడు సత్యదేవ్ భార్యతో.

"ఇక్కడ నీళ్ళు బాగా వస్తాయి" అంది నీహారిక.

సికిందరాబాదులో ఆ మాటకు ఎదురు లేదు. ఉండిపోయారు.

నిజానికి ఆ ఇంట్లో సదాశివను మించిన సమస్య ఇంకోటి ఉంది. సత్యదేవ్ తల్లి కామాక్షి ఇంట్లో ఒంటరిగా ఉండలేదు. చిన్నప్పుడు ఆవిడ మేనత్తతో కలిసి 'ఎనిమిదో వాకిలి' అనే దయ్యం సినిమాకు వెళ్ళింది. పాత లోగిలి. అత్తింటివాళ్ళు చంపేసిన కోడలు జుట్టు విరబోసుకుని, దగ్గరగా వేసి ఉన్న తలుపుల వెనకనుంచి వస్తుంది. మొదటి తలుపు కిర్రుమనగానే కామాక్షి హాల్లోంచి ఇంటిదాకా పరిగెత్తింది. చెప్పులు సీటు కిందే ఉండిపోయాయి. ఆడినన్నాళ్ళు ఆడి సినిమా వెళ్ళిపోయింది. ఆవిడకు మాత్రం అది ఇంకా ఆడుతూనే ఉంది.

అందుకని ఇంట్లో ఏ తలుపూ మూయనివ్వదు. పడకగది తలుపుకు ఊరగాయ జాడీ అడ్డం. వంటింటి తలుపుకు రుబ్బురోలు పొత్రం. వీధి తలుపుకు సత్యదేవ్ కండల కోసం కొనుక్కున్న డంబెల్. దాన్ని ఆవిడే ఎక్కువ వాడుకుంది. స్నానానికి వెళ్తే బయట ఒకరు కూర్చుని పలుకుతూ ఉండాలి.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"ఏదైనా మాట్లాడరా."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. గొంతు నీదో కాదో నాకు తెలియాలిగా."

భర్త ఉన్నంతకాలం ఇంటి ముందుగదిలోనే ఆయన దుకాణం కాబట్టి ఎలాగో సాగిపోయింది. ఆయన పోయి కొడుకు దగ్గరకు వచ్చాక సాగలేదు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. ఒకరోజు అతను సెలవు పెట్టాడు, ఒకరోజు ఆమె పెట్టింది. ఇద్దరి సెలవులూ అయిపోయాయి. ఇక ఎవరో ఒకరు మానేయాలి. అలాంటప్పుడు ఆ ఒకరు ఎవరవుతారో చెప్పడానికి సదాశివ అక్కర్లేదు. సోమవారం వెళ్ళి రాజీనామా ఇచ్చేస్తానంది నీహారిక. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని పరీక్షలు రాసిందో సత్యదేవ్‌కు తెలుసు.

ఆ వారమే సదాశివ కొరియర్ ప్యాకెట్ ఒకటి పట్టుకుని మేడెక్కాడు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

"తమ్మీ, వచ్చింది. 'ఎనిమిదో వాకిలి'. పాత రీళ్ళు కడిగి, గీతలన్ని తీసి, ఇప్పుడు డిస్కు తెచ్చిండ్రు. నా జిందగీల ఆఖరు తెల్వని సినిమా ఇదొక్కటే."

అది విడుదలైనప్పుడు ఆయనకు కామెర్లు. లేచి తిరిగేసరికి సినిమా ఎత్తేశారు. తర్వాత క్యాసెట్టూ రాలేదు, సీడీ కూడా రాలేదు. చూసినవాళ్ళను అడగడానికి మనసొప్పలేదు. చెప్పేవాడేగాని అడిగేవాడు కాడాయన.

కామాక్షి డిస్కు మీది బొమ్మ చూసి రెండడుగులు వెనక్కి వేసింది. సత్యదేవ్‌కు మాత్రం ఆశ పుట్టింది.

"అంకుల్, అమ్మ దీన్ని ఆఖరుదాకా చూస్తే భయం పోతుందేమో."

"మరి నేను ఇన్నేండ్ల సంది మొత్తుకునేది అదే గద."

"నేను చూడను" అంది కామాక్షి.

"నువ్వు చూసుడెందుకు చెల్లె? కండ్లు మూస్కో. గామె ఎప్పుడొస్తదో నేను ముందే చెప్తా. ఆదివారం మా ఇంట్ల కూసుందాం."

"పగలేనా అన్నయ్యగారూ?"

"పగలే. ఎండ మస్తుంటది."

ఆదివారం పొద్దున సదాశివ ఒక్కడే ముందు చూసేశాడు. పాలు కొనుక్కుని వస్తున్న సత్యదేవ్, ఆఖరు వినడానికి మనసు గట్టి చేసుకుని వరండా దాటాడు. సదాశివ అతని వంక చూసి, "పాలు తెచ్చినవా?" అన్నాడు. అంతే. సత్యదేవ్ మెట్ల మీద ఆగి వెనక్కి చూశాడు. ఆయనకు జ్వరమేమో అనుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ కింద చేరారు. సదాశివ భార్య సుమిత్ర వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. ఆమెకూ నీహారికకూ మధ్య ఇరుక్కుని, కామాక్షి కొంగు కళ్ళ మీదికి లాక్కుంది. సినిమా షురూ అయింది.

"చెల్లె, ఇప్పుడు తలుపు చప్పుడైతది. గాలే. ఇప్పుడు పిల్లి. జెర ఆగు. ఆ, ఇప్పుడొస్తది గామె."

"దయ్యం కన్న నీ లొల్లే ఎక్కువుంది" అంది సుమిత్ర.

కొంగు కాస్త కిందికి దిగింది. కామాక్షి ఒక కన్నుతో చూసింది.

"ఇదేనా? ఈ పిల్ల జడ వేసుకోదా?"

"జడ ఏసుకుంటే ఎవరు భయపడ్తరు చెల్లె?"

సగమయ్యాక సదాశివ సినిమా ఆపి, డిస్కు తుడవాలంటూ దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. డిస్కుల విషయంలో ఆయనకు మడి. అంచులు మాత్రమే పట్టుకుంటాడు, పాత మల్లు పంచె ముక్కతో తుడుస్తాడు. సుమిత్రను కూడా ముట్టనివ్వడు. టీ కప్పులు తేవడానికి వెనకే వెళ్ళిన సత్యదేవ్ గడప దగ్గర నిలబడిపోయాడు. సదాశివ గిన్నెలు తోమే స్టీలు పీచుతో డిస్కు బయటి అంచు గట్టిగా రుద్దుతున్నాడు.

"అంకుల్, ఏం చేస్తున్నారు?"

"మెల్లగ మాట్లాడు. ఆఖరు ఈడనే ఉంటది." ఇంకోసారి రుద్ది వెలుతురుకు పెట్టి చూశాడు. "మంచిగ లేదు తమ్మీ ఆఖరు. అమ్మకు పనికొచ్చేది కాదు."

"ఏమవుతుంది?"

"టీ సల్లారుతది. తీస్కపో."

సినిమా మళ్ళీ నడిచింది. తలుపులన్నీ అయిపోయి ఎనిమిదో వాకిలి దగ్గరకొచ్చేసరికి, దయ్యం ఒక కాలు గాల్లో ఉండగా బొమ్మ నిలిచిపోయింది. సదాశివ రిమోట్ కొట్టాడు, డిస్కు తీసి ఊదాడు, ఎవరినో తిట్టాడు. దయ్యం కాలు దించలేదు.

"ఖరాబైంది" అన్నాడు.

కామాక్షి ముఖం పాలిపోయింది. "ఇప్పుడెలా? ఆఖరు మీరు పొద్దున చూశారుగా. చెప్పండి అన్నయ్యగారూ."

ఆఖరు చెప్పమని సదాశివను ఒక మనిషి నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆయన సర్దుకుని కూర్చున్నాడు.

"ఏముంది చెల్లె. గామె ఎనిమిదో వాకిలికాడికి వస్తది. అత్త ఎదురుంగ నిలబడ్తది. తప్పైంది బిడ్డా అంటది. గామెకు కావాల్సింది గా మాటొక్కటే. దండం పెట్టి బయటకు పోతది. అత్త తలుపేసి గడియ పెడ్తది. ఇగ రాదు."

"మళ్ళీ రాదా?"

"ఎట్లొస్తది? తలుపు దగ్గరకేస్తే వస్తది గని, గడియ పెడ్తే రాదు. సినిమాల పంతులు సుత గదే చెప్తడు."

"అయ్యో రామ. నేనిన్నాళ్ళూ అన్నీ బార్లా తీసిపెట్టుకున్నానే" అంది కామాక్షి.

సత్యదేవ్ టీ కప్పులో ముఖం దాచుకున్నాడు.

సోమవారం ఇద్దరూ ఆఫీసులకు వెళ్ళారు. నీహారిక రాజీనామా ఇవ్వలేదు, ఒక్కరోజు చూద్దామంది. సాయంత్రం కలిసే వచ్చారు. వీధి తలుపు మూసి ఉంది. లోపల పైగడియ, కిందిగడియ, గొలుసు.

"ఎవరూ?"

"నేనమ్మా, సత్యాన్ని."

"నువ్వేనని నమ్మకమేంటి?"

"అత్తయ్యా, నేను కూడా ఉన్నాను" అంది నీహారిక.

"అయితే ఇద్దరూ చెరో ముక్కా మాట్లాడండి, వింటాను."

ఆ గుమ్మం ముందు నిలబడి వాళ్ళు వాతావరణం గురించి, కూరగాయల ధరల గురించి, నీహారిక ఆఫీసరుగారి పెళ్ళాం గురించి మాట్లాడారు. ఆఫీసరుగారి పెళ్ళాం దగ్గర కథ రసపట్టులో పడ్డాక తలుపు తెరుచుకుంది. ఆ ఇంట్లో రాజీనామా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

శనివారం సత్యదేవ్ మెట్లెక్కకుండా తనే వరండాలో ఆగాడు. ఆ డిస్కులు కొద్దిగానే చేశారని, అన్నీ అమ్ముడైపోయాయని అతనికి తెలిసింది. సదాశివ గీతలు పడ్డ తన డిస్కును పంచె ముక్కతో తుడుస్తున్నాడు.

"అంకుల్, ఇంతకీ అసలు ఆఖరేంటి?"

సదాశివ తలెత్తి మేడవైపు ఒకసారి చూశాడు. డిస్కు డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"ఎప్పుడన్న దొరికితే నువ్వే చూస్కో తమ్మీ. ముందే చెప్తే ఇగ మజా ఏముంటది?"