గాజు తలుపుకి ఇవతల

కిందటి వారం మా ఇంటి ముందు రోడ్డు తవ్వారు. ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే కొత్త తీగ వేస్తారట. తవ్వుతున్న వాళ్ళలో ఒకామె పలుగుకి ఏదో అడ్డం తగిలిందని కేక వేస్తే, నేను కూడా కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి చూశాను. మట్టిలోంచి నల్లటి పాత కేబులు ఒకటి తేలింది. తొక్క ఊడిన చోట రాగి పోగులు చిలుము పట్టి పచ్చగా కనిపిస్తున్నాయి. ఇది కరెంటుదేమో, తెంపితే ప్రమాదమేమో అని మేస్త్రీ భయపడుతుంటే, అది ఫోను తీగ నాయనా, అందులో ప్రాణం పోయి చాలా కాలమైంది, తెంపుకోండి అని చెప్పి లోపలికి వచ్చేశాను. చెప్పడమైతే చెప్పాను గానీ ఆ పూట అన్నం సయించలేదు. ఆ తీగ మా ఊళ్ళోకి వచ్చిన రోజు, దాని చివర కట్టిన మొదటి ఫోను ముందు కూర్చున్నది నేనే.

మాది చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో, పత్తి, మిరప పండే నల్లరేగడి ఊరు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. పసితనంలోనే పోలియో వచ్చి నాకు కుడికాలు చచ్చుబడింది. పదో తరగతి పెద్దపరీక్ష దాకా చదివి, ఆ పైన ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో కుట్టుమిషను తొక్కలేక, పెళ్ళిమాట ఎత్తేవాళ్ళు లేక, అమ్మకి భారంగా కూర్చున్న రోజుల్లో, కాళ్ళు లేనివాళ్ళకి టెలిఫోను బూతులు ఇస్తున్నారని నాన్న ఎక్కడో విని, బస్సులెక్కి దిగి, ఆఫీసుల ముందు నిలబడి, మొత్తానికి సాధించుకొచ్చాడు. తొంభైల చివరి మాట అది. బస్సులు ఆగేచోట చిన్న గది, దాని మీద పసుపుపచ్చ బోర్డు, లోపల ఒక గాజు గది, అందులో ఫోను, ఇవతల నా బల్ల మీద నంబర్లు కలిపే ఇంకో ఫోను, ఎర్రటి అంకెలు పరిగెత్తే మీటరు. రెండు చెక్క బెంచీలు నాన్న బడి నుంచి తెచ్చినవే.

ఈ తరం పిల్లలకి చెబితే నమ్మరు గానీ, మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఫోను చెయ్యడమంటే ఒక ప్రయాణం. పెద్దవాళ్ళు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చేవాళ్ళు. నంబరు కాగితం చొక్కా జేబులో మడతపెట్టి ఉండేది. అవతల ఊళ్ళో సొంత ఫోను ఎవరికుంది గనక, అందరివీ పక్కింటి వాళ్ళ నంబర్లే. ఒకసారి చేసి ఫలానా వాళ్ళని పిలవండి అని చెప్పి, వాళ్ళు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని మళ్ళీ చెయ్యాలి. రాత్రి రేటు తగ్గే వేళకి గది నిండిపోయేది. కొత్తల్లో ఊరికి ఎడంగా ఉన్న మా దళిత క్రైస్తవుల పేట వాళ్ళూ, ఊళ్ళో వాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చోవడానికి ఇబ్బంది పడేవాళ్ళు. కొందరు రైతులు రిసీవరు అందుకోగానే భుజం మీది తుండుగుడ్డతో బాగా తుడిచి గానీ చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు కాదు. ఎందుకు తుడుస్తున్నారో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. అయినా ఫోను కావాలి, ఊళ్ళో ఇంకెక్కడా దొరకదు, అందుకని వచ్చేవాళ్ళు.

అలా తుడిచేవాళ్ళలో మా నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకున్న రైతు ఒకాయన ఉండేవాడు. నేను బాబాయిగారూ అనేదాన్ని, ఆయన మేస్టారమ్మాయీ అనేవాడు. మనిషి మంచివాడే, నోరే పెద్దది. గుంటూరు మిర్చి యార్డులోని కమీషను కొట్టుకి ఫోను చేశాడంటే, తీగతో పనిలేకుండా గొంతుతోనే గుంటూరు చేరతాడా అన్నట్టు అరిచేవాడు. గాజు తలుపు వేసి ఉన్నా బెంచీ మీది వాళ్ళందరికీ ఆ రోజు మిరప ధర తెలిసిపోయేది. నిజానికి అందరూ అందుకే వచ్చి కూర్చునేవాళ్ళు. అంతకుముందు బస్తాలు లారీకెత్తి, యార్డులో దింపాక గానీ ధర తెలిసేది కాదు, దింపినవాటిని మళ్ళీ వెనక్కి తెచ్చుకోలేరు గనక ఎంతంటే అంతకి ఇచ్చి రావలసి వచ్చేది. బూతు వచ్చాక, ముందు అడిగి, బాగుంటేనే లారీ మాట్లాడటం మొదలుపెట్టారు. ఊరికి ఇది చిన్న సంగతి కాదు. నాన్న సాయంత్రం వచ్చి బెంచీ చివర కూర్చుని ఇదంతా చూస్తూ నవ్వుకునేవాడు.

ఆ తర్వాత ఒక చెడ్డ ఏడాది వచ్చింది. పత్తికి పచ్చపురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు, కాయలన్నీ తొలిచేసింది. చేలో మోళ్ళు పీకి పొయ్యిలోకి తెచ్చుకున్నారు. మిగిలిన ఆశ మిరప మీద పెట్టుకుంటే, కల్లాల్లో కాయ ఎండుతుండగా అకాలవర్షం కొట్టి, రంగుపోయిన తాలుకాయ చేసిపోయింది. బూతులో మాటలు తగ్గాయి. వచ్చినవాళ్ళు కూడా ధర అడిగి, అవతలి జవాబు విని, ఊఁ అని పెట్టేసేవాళ్ళు. ధర తెలియడం వేరు, ధర రావడం వేరు అని మా ఊరికి అర్థమైన ఏడాది అది.

ఒక మధ్యాహ్నం ఎండలో బాబాయిగారు వచ్చారు. బెంచీల మీద ఎవరూ లేరు. గుంటూరు కలిపి ఇచ్చాను. తడిసిన సరుకు ఇప్పుడు తేవద్దు, తెచ్చినా అడిగేవాడు లేడని అవతలి వాళ్ళు చెప్పినట్టున్నారు. ఆయన వాదించలేదు. తలుపు తీసి, వేటపాలెం కలపమన్నాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతుర్ని అక్కడ జీడిపప్పు కంపెనీలో పనిచేసే అబ్బాయికి ఇచ్చారు, కంపెనీ ఫోనుకి చేస్తే పిలిచేవాళ్ళు. కూతురు వచ్చాక ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు మొదట ఏం తేడాగా ఉందో అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది, ఆయన అరవడం లేదు. అంత నెమ్మదిగా, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు ఆయన మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. తలుపు సరిగా పడలేదు గనక ఒక మాట చెవిన పడింది. ఈ వారంలో వచ్చి గేదెని, దూడని తోలుకుపొమ్మని కూతురికి చెబుతున్నాడు. మీ అమ్మ ఒక్కతీ చూసుకోలేదమ్మా అంటున్నాడు.

బయటికి వచ్చి, పోయొస్తానమ్మా అని ఇంటివైపు కాకుండా చేలవైపు డొంకదారి పట్టాడు. పాడిగేదెని ఏ రైతూ అలా ఇచ్చెయ్యడు. లేచి పరిగెత్తడానికి నాకు కాళ్ళు లేవు, పంపడానికి మనిషి లేడు. ఉన్నది ఫోనొకటే. ముందు, ఆ మధ్యే ఫోను పెట్టించుకున్న పురుగుమందుల కొట్టుకి చేశాను.

"బాబాయిగారు మీ కొట్టుకి వచ్చారాండీ?"

"పొద్దున్నే వచ్చి మందు పట్టుకెళ్ళాడుగా. ఏంటమ్మా?"

చేలో ఏం మిగిలిందని మందు? పత్తి మోళ్ళు పీకేశారు, మిరప కల్లంలో ఉంది. కొట్టాయనకి ఆ మాట నేను చెప్పేలోపే ఆయనా ఆ సంగతి గ్రహించినట్టున్నాడు, అయ్యో అన్నాడు. వాళ్ళింటికి కబురు చెయ్యండి, పిన్నిగారిని పత్తి జిన్నింగు మిల్లు దగ్గరికి పంపండి అని పెట్టేశాను. ఆ మిల్లు డొంకదారి మొదట్లోనే ఉంది, అక్కడికీ కొత్తగా ఫోను వచ్చింది. గుమాస్తాగారు ఎత్తారు. ఫలానా ఆయన మీ ముందునుంచి పోతుంటాడు, ఎలాగైనా ఆపండి, కూతురు ఫోనులో ఉందని చెప్పండి అన్నాను. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, గుమాస్తాగారు గేటు దగ్గర కేకవెయ్యడం వినిపించాయి. చాలాసేపటికి చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది.

"అమ్మాయీ, ఏంటమ్మా మళ్ళీ?"

"నేనండీ బాబాయిగారూ. మేస్టారమ్మాయిని."

"మా పిల్లేదీ?"

"లేదండీ. నేనే పిలిపించాను. గేదెని ఎందుకు తోలుకుపొమ్మన్నారు?"

అవతల మిల్లు యంత్రం హోరు మాత్రం వినిపిస్తోంది.

"నీకెందుకమ్మా ఇయ్యన్నీ? ఫోన్ పెట్టెయ్."

"పెట్టనండీ. మీరు పెట్టేస్తే మళ్ళీ చేస్తాను."

"ఏం మొహం పెట్టుకుని ఇంటికి పోను? సెప్పు. మీ నాన్న దగ్గర సదువుకున్నానుగా, ఎందుకు పనికొచ్చానో సెప్పు."

అందరి ఫోన్లూ కలిపి ఇవ్వడమే గానీ, ఆ ఫోనులో నా సొంత మాటంటూ నేను మాట్లాడింది లేదు. నోటికి వచ్చింది చెప్పాను.

"నా కాలు పడిపోయినప్పుడు మీరు మా ఇంటికొచ్చారంట. ఈ పిల్ల ఎందుకు పనికొస్తది మేస్టారూ, అన్నారంట. మా అమ్మ చెప్పింది. ఈ పూటకి పనికొచ్చాను గదండీ. మీరు నా మాట వినకపోతే అది కూడా లేకుండా పోద్ది."

అలా అన్నందుకు ఆయన కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. అవతల ఏడుపు మొదలైంది. పెద్దమనిషి ఏడుపు వినడం నాకదే మొదటిసారి. రిసీవరు చెవికి గట్టిగా నొక్కిపెట్టుకుని కూర్చున్నాను. నా ముందు మీటరు మీద ఎర్ర అంకెలు మారుతూనే ఉన్నాయి. చివరికి పిన్నిగారి గొంతు, ఆమె తిట్లు, ఆమె ఏడుపు వినిపించాయి. గుమాస్తాగారు ఫోను తీసుకుని, సీసా నా దగ్గరే ఉందమ్మా, ఇక నువ్వు పెట్టెయ్ అన్నారు.

సాయంత్రం నాన్న వస్తే చెప్పాను. ఆయన బెంచీ మీద కూర్చుని చాలాసేపు తల వంచుకుని ప్రార్థన చేశాడు. ఈ సంగతి మేము బయట ఎవరికీ చెప్పలేదు, మిల్లు వాళ్ళూ, కొట్టాయనా కూడా చెప్పలేదు. కూతురు వచ్చింది గానీ గేదెని తోలుకుపోలేదు, కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. పిన్నిగారు ఒకరోజు గిన్నెలో జున్ను తెచ్చి నా బల్ల మీద పెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయింది. బాబాయిగారు చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజు నా మొహం చూడకుండా గుంటూరు కలపమన్నాడు. రిసీవరు తీసుకుని, ఎప్పటిలాగే తుండుగుడ్డతో తుడిచాడు. మనిషి మారలేదని కాదు, చెయ్యి అలవాటు పడింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి అది చూస్తే నొప్పి కలగలేదు. తర్వాత గుంటూరుతో గొంతెత్తి అరిచాడు. ఆ అరుపు వింటుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత అంతా త్వరత్వరగా జరిగిపోయింది. రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే డబ్బాలు కిళ్ళీకొట్ల ముందుకి వచ్చాయి. చేల మధ్య టవర్లు లేచాయి. సెల్లుఫోను ఎత్తి మాట్లాడినా డబ్బులు పోయే కాలంలో ఊళ్ళో దళారి ఒక్కడికే అది ఉండేది, ఎత్తడం ఉచితమయ్యాక కూలికి పోయే ఆడవాళ్ళ కొంగుల్లోకి కూడా చేరింది. కంపెనీలు ఒకదాని మీద ఒకటి పోటీపడి ధర తగ్గించాయి. మిరప కోతలకి మనుషుల్ని చేలోనుంచే పిలుచుకున్నారు, కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉంచాలో తియ్యాలో మంచం మీద పడుకునే తేల్చుకున్నారు. బాబాయిగారు కూడా కొన్నారు, ఆయన గొంతుకి అది ఏమైపోతుందోనని ఊరంతా నవ్వింది. ఆయన తర్వాత ఎన్నో పంటలు చూసి, మనవల్ని ఎత్తుకుని, వయసు మీరాక జబ్బు చేసి పోయారు. నా గాజు గదీ, ముందున్న బెంచీలూ ఖాళీ అయ్యాయి. కొన్నాళ్ళు రీచార్జి కార్డులు దండలుగా వేలాడగట్టి అమ్మాను. ఆ కార్డులు కూడా పోయాక కనెక్షను వెనక్కి ఇచ్చేసి, గది అద్దెకిచ్చాను. ఇప్పుడందులో సెల్లుఫోన్లకి అద్దాలు మార్చే కుర్రాళ్ళు ఉంటున్నారు.

ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. పురిటినొప్పులు పడుతున్న కోడలి కోసం కాన్పుల డాక్టరుకి కబురు చెయ్యడానికి ఎంత దూరం నుంచి ఎందరు పరిగెత్తుకొచ్చి నా ముందు ఆయాసపడ్డారో నాకు తెలుసు. ఎవరి కష్టం వాళ్ళు ఎవరూ వినకుండా చెప్పుకునే హక్కు మనుషులకి ఉండాలి, అది ఇన్నాళ్ళకి వచ్చింది, మంచిదే. కానీ మొన్న మిరప ధర పడిపోయినప్పుడు పక్క ఊళ్ళో ఒక యువరైతు చేలోనే ప్రాణం తీసుకున్నాడు. చావు పలకరింపుకి నేనూ ఆటోలో వెళ్ళాను. చొక్కా జేబులో ఫోను ఉందట, మోగుతూనే ఉందట. పొద్దుటి నుంచి ఎవరెవరితోనో మాట్లాడాడట. భార్యతో, అన్నతో, చదువుకున్న స్నేహితుడితో. ఏ ఒక్కరికీ అనుమానం రాలేదని వాళ్ళు గుండెలు బాదుకుంటుంటే, నేను వాళ్ళ పక్కన కూర్చున్నాను. వాళ్ళకి అతని మాటలు అందాయి. ఆ మాటలు అంటున్నప్పుడు అతని మొహం ఎలా ఉందో చూడటానికి, ఆ మనిషి పక్కన, ఆ ఎండలో, ఎవరూ లేరు.