పెట్టని సంతకం

పెట్టని సంతకం ఒకటి పదకొండేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పత్తికొండ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఆలూరు నుంచి ఒకమ్మాయి వచ్చేది. ల్యాబులో ఏ లవణం ఇచ్చినా ఇట్టే కనిపెట్టేది. రాతకు వచ్చేసరికి సల్ఫ్యూరిక్ ఆమ్లం సూత్రంలో రెండు, నాలుగు తారుమారు. ఆ తప్పులు నాకు కొత్త కాదు. అవి నావి. చిన్నప్పటి నుంచి అక్షరాలు నా కంటికి కుదురుగా నిలబడవు. పాఠాలు విని, కంఠస్థం చేసి ఇంతవాణ్ణయ్యాను. ఈ సంగతి నా భార్యకొక్కదానికే తెలుసు. జవాబు పత్రాలు ఆమె పైకి చదివేది, నేను మార్కులు చెప్పేవాణ్ణి. నేను చదివానని అందరూ అనుకునే పుస్తకాలన్నీ ఆమె గొంతులో విన్నవే.

ఒకరోజు నా భార్య ఆ అమ్మాయి పేపరు చదువుతూ నవ్వింది.

"ఏం సారూ, ఈ పిల్ల నీకు చెల్లెలా? అచ్చం నీ మాదిరే రాసిండాదే!"

అప్పుడు ఆ పిల్ల తల్లి తెచ్చిన కాగితం సంగతి చెప్పాను. పరీక్షలో ఎక్కువ సమయం ఇవ్వాలంటే, ఈమెకు తెలివి తక్కువ కాదు, చదవడంలోనే ఇబ్బంది అని లెక్చరర్ రాసి సంతకం చేయాలి.

"పెట్టు మరి."

"నీకెట్ల తెలుసని అడిగితే?"

"ఉండేది చెప్పు. తలకాయ తీస్తారా?"

మరుసటి రోజు ఆ తల్లితో, "బద్ధకమమ్మా, ఇంకేం లేదు" అన్నాను. చిన్నప్పుడు బడిలో నన్ను అన్న మాట అదే. అదే ఎందుకు నోటికొచ్చింది? ఆమె కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. అమ్మాయి ఆ ఏడు కెమిస్ట్రీ తప్పింది. మళ్లీ రాలేదు.

ఇంట్లో మాత్రం "పెట్టినాలే" అన్నాను. పిల్ల పాసైందని కూడా చెప్పాను. నా భార్య నమ్మింది. నమ్మే పోయింది, రెండేళ్ల కిందట.

ఇలాంటి పిల్లల చదువు మీద నాకు పట్టుదల కలిగింది ఆ అమ్మాయి వెళ్లిపోయాకే. మొన్న కడపలో టీచర్లకు దాని గురించే చెప్పాను. ఈ ఆసక్తి ఎలా కలిగిందని ఒక మాస్టరు అడిగాడు. పుస్తకాల వల్ల అన్నాను. నిజానికి అది పశ్చాత్తాపమా, లేక ఆ అమ్మాయి పరీక్షనాళికను వెలుతురుకు ఎత్తి చూసే తీరు మళ్లీ ఒక్కసారి చూడాలన్న ఆశా? ఏ క్లాసులోకి వెళ్లినా ముందు ఆమె కోసమే వెతుకుతాను.

నా భార్య ఉంటే ఇదంతా ఆమెకే చెప్పేవాణ్ణా? ఏమో. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం ఉండేది కాదేమో. ఆ అమ్మాయిని క్షమించమని అడిగే అర్హత ఉందని కూడా అనుకోను.

ఆ పిల్లది బద్ధకం కాదు. నాకున్నదే ఆమెకూ ఉండేది.

మిగతాదంతా నోటితో చెప్పిందే. ఈ రెండు వాక్యాలు నా చేత్తో రాయడానికి పొద్దంతా పట్టింది. రాశాను.